మా బావమరిది పేరు మీద వచ్చిన అలర్టులు

మా ఇంట్లో గిన్నె కింద పడితే మా ఆవిడ వంటింట్లోకి పరిగెత్తదు, ఫోన్ దగ్గరికి పరిగెత్తుతుంది. ఆ ఫోన్‌లో అలర్టు వచ్చినప్పుడు మోగే చప్పుడు అచ్చం స్టీలు గిన్నె గచ్చు మీద పడి దొర్లినట్టే ఉంటుంది. లోకంలో ఇన్ని చప్పుళ్లుండగా దీన్నే ఎందుకు ఎంచుకున్నావని అడిగితే, "పాటలూ పిట్టల కూతలూ పెడితే హాయిగా నిద్రపోతానండీ. గిన్నె పడితే ఎవరైనా లేచి తీరాల్సిందే" అంది. నిజమే. నేను రోజూ లేస్తున్నాను.

మేమిద్దరం ఒకే ఆసుపత్రిలో పనిచేస్తాం. నేను రెండో అంతస్తులో, రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. ఆవిడ కింద నెట్‌వర్క్ విభాగంలో ఉంటుంది. మా ఆసుపత్రిలో ప్రతి అంతస్తులోనూ గోడకి బిగించిన ఇనుప బీరువా ఒకటుంది. తలుపు తీస్తే నీలం వైర్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి, వాటి మధ్యలో స్విచ్ అనే పెట్టె మినుకు మినుకుమంటూ ఉంటుంది. ఏ మెషిన్ ఏ కంప్యూటర్‌తో మాట్లాడాలో ఆ పెట్టెలో ఉన్న సెట్టింగులు చెబుతాయి. అందులో ఒక్క లైను తప్పుగా మారితే చాలు. ఎక్స్‌రే తీసిన మెషిన్ అలా చూస్తూ ఉంటుంది, డాక్టరుగారి కంప్యూటర్ ఇలా చూస్తూ ఉంటుంది, మధ్యలో కాలు విరిగినవాడు ఇద్దరినీ చూస్తూ ఉంటాడు.

ఇదివరకు ఎవరు ఏం మార్చారో ఎవరికీ తెలిసేది కాదు. ఆ విభాగంలో "నేను కాదు" అనేదే పొద్దుటి పలకరింపు. అది భరించలేక మా ఆవిడ ఒక కాపలా ప్రోగ్రాం పెట్టింది. ప్రతి పెట్టెలోనూ ఉండాల్సిన సెట్టింగుల నకలు దాని దగ్గర ఉంటుంది. ఎవరైనా ఏదైనా మార్చగానే మా ఆవిడ ఫోన్‌లో గిన్నె పడుతుంది. ఏ పెట్టె, ఏ లైను, ఎవరి పేరుతో లోపలికి వెళ్లి మార్చారు, అన్నీ అందులో ఉంటాయి. మార్పు సరైనదైతే ఆవిడ "సరే" నొక్కుతుంది, అప్పుడు కొత్త సెట్టింగులే ఆ నకల్లో చేరతాయి. కాకపోతే మార్చినవాడికి ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్ రాకుండా ఉండాలని ఆ విభాగంలో అందరూ కోరుకుంటారు.

ఆ విభాగంలోనే మా బావమరిది కూడా ఉన్నాడు. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు, మా ఇంట్లోనే ముందుగదిలో ఉంటాడు. ఒక్కచోట కాలు నిలవదని చిన్నప్పుడే ఇంట్లోవాళ్లు తూనీగ అని పేరు పెట్టారు, ఆసుపత్రిలో కూడా అదే స్థిరపడిపోయింది. పని మాత్రం అద్భుతంగా చేస్తాడు. ప్రింటర్ రావట్లేదని ఎవరైనా అంటే, ఆ మాట పూర్తయ్యేలోపు బాగుచేసి, వాళ్ల బల్ల మీదున్న బిస్కెట్ ఒకటి నోట్లో వేసుకుని వెళ్లిపోతాడు. చిక్కల్లా, చేసింది ఎవరికీ చెప్పడు. "బాగైంది కదా, ఇంకా చెప్పేదేముంది?" అంటాడు. వాడిది కాంట్రాక్టు ఉద్యోగం. ఆ నెలాఖరుకి పర్మనెంట్ చేయాలో ఇంటికి పంపించాలో పైవాళ్లు తేల్చాల్సి ఉంది.

కాపలా పెట్టిన మొదటి వారంలో పడిన గిన్నెల్లో సగానికి పైగా వాడివే. వారాంతపు మీటింగులో మా ఆవిడ ఆ పేర్లన్నీ గడగడా చదివేసింది. ఆ సాయంత్రం వాడు మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాడు.

"అందరి ముందూ నా పేరే చదవాలా అక్కా?"

"అందరికంటే ఎక్కువసార్లు వచ్చింది నీ పేరే కదరా."

"అంటే నామీద కాపలా పెట్టావన్నమాట."

"నీమీద కాదు, పెట్టెల మీద. ఏదైనా మారిస్తే వచ్చి ఒక్క ముక్క చెప్పు, సరే నొక్కుతాను. చెప్పడానికి నోరు నొప్పా?"

"మా విభాగం హెడ్డుని అడిగే చేస్తున్నాను. ఆయన ఒప్పుకున్నాక నీకు వేరే దండం పెట్టుకోవాలా?"

"చెప్పందే నొక్కను."

"నొక్కకు. నాకేం?"

అంతే, ఇద్దరి మధ్యా మాటలు బంద్. ఒకే ఇల్లు, ఒకే భోజనాల బల్ల, ఎదురెదురు కుర్చీలు. కానీ మాటలన్నీ నా మీదుగా వెళ్లాలి. "ఏవండీ, ఆ నీళ్ల సీసా ఇటివ్వమనండి." "బావా, ఖాళీగా ఉందని చెప్పు." ఆసుపత్రి నిండా అన్ని వైర్లుండగా వీళ్లకి నేనే దొరికాను. ఒకరోజు ధైర్యం చేసి, "ఒంట్లో బాగుందా అని అక్క అడుగుతోందిరా" అని నా సొంతంగా కల్పించి చెప్పాను. వాడు ముద్ద నోటి దగ్గరే ఆపి, "అక్క అలా అడగదు బావా. 'ఆ మొహం ఏంటి అలా ఉంది' అని అడుగుతుంది. ఇది నువ్వు కల్పించిన మాట" అన్నాడు. ఇద్దరికిద్దరూ ఒకరి గురించి ఒకరికి అంత తెలిసుండీ మాట్లాడుకోకపోవడం చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఇలా ఉండగా మా ల్యాబుకి కొత్త మెషిన్ వచ్చింది. రక్తం చుక్క పెడితే కణాలన్నీ లెక్కగట్టి, రిపోర్టు తిన్నగా వార్డుల్లోకి పంపించే మెషిన్. దాన్ని కలపాలంటే మా అంతస్తు పెట్టెలో సెట్టింగులు మార్చాలి. హెడ్డు అనుమతి కాగితం ఇచ్చాడు, తూనీగ వచ్చి చకచకా కలిపేశాడు. మొదటి రిపోర్టు వార్డుకి చేరగానే ల్యాబు ల్యాబంతా చప్పట్లు కొట్టాం. వాడు నా బల్ల మీద బిస్కెట్ తీసుకుని మాయమయ్యాడు.

కింద మా ఆవిడ ఫోన్‌లో గిన్నె పడింది. కొత్త మెషిన్ సంగతి పొద్దున్నే నేనే చెప్పాను, కాబట్టి ఆవిడకి విషయం తెలుసు. కానీ తమ్ముడొచ్చి చెప్పలేదు. అందుకని నొక్కలేదు.

గంట గడిచిందో లేదో వార్డు నుంచి నర్సు ఫోన్. "రిపోర్టులు రావట్లేదు, నిద్రపోతున్నారా?" చూస్తే మెషిన్ పనిచేస్తోంది, లెక్కలు వేస్తోంది, పంపిస్తే మాత్రం పోవట్లేదు. తూనీగకి కబురు పంపాను. పరిగెత్తుకుంటూ వచ్చి చూసి నోరెళ్లబెట్టాడు. "ఇదేంటి బావా, నేను పెట్టిన లైన్లు లేవు. పాతవి వచ్చి కూర్చున్నాయి!" మళ్లీ పెట్టాడు. రిపోర్టులు పోయాయి. ఇంకో గంటకి మళ్లీ ఆగాయి. మళ్లీ వచ్చాడు, మళ్లీ పెట్టాడు, మళ్లీ పోయాయి. ఆగినప్పుడల్లా నేను కాగితాల మీద ప్రింటు తీసి, ఐదో అంతస్తు దాకా మెట్లెక్కి చేత్తో ఇచ్చి వచ్చాను. లిఫ్టు ఎప్పుడూ స్ట్రెచర్లతోనే నిండి ఉంటుంది. మూడోసారి ఎక్కేసరికి నా మోకాళ్లు నన్ను తిట్టడం మొదలుపెట్టాయి. రిపోర్టు అందక ఒక ఆపరేషన్ ఆలస్యమైంది. ఆ మనిషికి ఏమీ కాలేదు, కానీ ఆలస్యం ఆలస్యమే.

సూపరింటెండెంట్ మేడమ్ ఒంటికాలి మీద లేచింది. అలర్టులన్నీ తీసి చూపించమంది. చూస్తే ప్రతిదాంట్లోనూ తూనీగ పేరే. పెట్టినట్టూ వాడే, తీసినట్టూ వాడే, మళ్లీ పెట్టినట్టూ వాడే. పనిలేనివాడు లైటు వేసి తీసి ఆడుకున్నట్టుంది వ్యవహారం. "రేపు పొద్దున్న నా గదికి రండి. అలర్టులు పెట్టినావిడే వచ్చి అవేం చెబుతున్నాయో వివరించాలి. ఆ కుర్రాడి సంగతి అక్కడే తేలుస్తాను" అంది మేడమ్. తేల్చడమంటే ఏమిటో అందరికీ తెలుసు. మా ఆవిడ వివరిస్తే వాడి ఉద్యోగం ఊడుతుంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరికీ ఆకలి లేదు. అయినా నేను పొద్దుటి వంట వేడిచేశాను, అయినా తిన్నాం. తూనీగ లేచి గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. మా ఆవిడ బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని, ఆ అలర్టుల వంకే చూస్తోంది. కాసేపటికి, నా మీదుగా కాకుండా, నేరుగా వాడితోనే అంది.

"ఒరేయ్. నా మీద కోపంతో చేశావా?"

వాడు వెనక్కి తిరగలేదు. "నీకలా అనిపించిందా అక్కా?"

"అనిపించడం కాదు. నీ పేరు ఉంది."

"పెట్టింది నేను. తీసింది నేను కాదు. నా పేరు ఉంటే నేనేం చేయను?"

"మరి ఎవడు తీశాడ్రా, దయ్యమా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఏడుపు ఆపుకునేటప్పుడు వాడి చెవులు అలాగే అవుతాయి. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే గిన్నె పడి దొర్లిన చప్పుడు.

"నేను కాదు బావా, గిన్నెలన్నీ ఇక్కడే ఉన్నాయి!" అన్నాడు తూనీగ కంగారుగా, మోచేతుల దాకా సబ్బు నురగతో.

మా ఆవిడ ఫోన్ అందుకుని చదివింది. ఇంకోసారి చదివింది. "రెండో అంతస్తు, ల్యాబు పెట్టె. పాత లైన్లు మళ్లీ వచ్చాయి. మార్చింది..." అని ఆగి, తల ఎత్తి తమ్ముడి వంక చూసింది. "మార్చింది నువ్వు."

ముగ్గురం ఆ నురగ చేతుల వంక చూశాం. వాడి లాప్‌టాప్ జిప్పు వేసిన సంచిలో తలుపు పక్కన ఉంది. ఫోన్ చార్జింగులో ఉంది. ఆసుపత్రి నుంచి బయల్దేరే ముందు లైన్లు మళ్లీ సరిచేసి వచ్చాడు, నా కళ్లారా చూశాను. ఇప్పుడు ఎవరో తీసేశారు, వాడి పేరుతో, వాడు మా వంటింట్లో గరిటె తోముతుండగా.

"అక్కా, నా పాస్‌వర్డు ఎవడి దగ్గరో ఉంది" అన్నాడు వాడు మెల్లగా.

మా ఆవిడ ముందు ల్యాబు లైన్లు సరిచేసి "సరే" నొక్కింది. అదేదో పొద్దున్నే చేసి ఉంటే నా మోకాళ్లు బాగుండేవి. డ్యూటీలో ఉన్న మా ల్యాబు అమ్మాయికి ఫోన్ చేసి రిపోర్టులు పోతున్నాయో లేదో కనుక్కోమంది, పోతున్నాయి. తర్వాత, తూనీగ పేరుతో ఎవరు ఎక్కడి నుంచి లోపలికి వచ్చారో వెతకడం మొదలుపెట్టింది. ఏ కంప్యూటర్ నుంచి వచ్చారో ఆ చిరునామా దొరికింది. దొరికాక ఆవిడ లాప్‌టాప్ మూసి, మళ్లీ తెరిచి చూసింది.

"ఎవడక్కా?" అన్నాడు తూనీగ చేతులు తుడుచుకుంటూ.

"నేను" అంది.

సంగతేమిటంటే, ఆ చిరునామా ఆవిడ కాపలా ప్రోగ్రాం నడిచే కంప్యూటర్‌దే. ఆ ప్రోగ్రాం అలర్టు ఇవ్వడంతో ఊరుకునే రకం కాదు. ఇంకో పని కూడా చేయగలదు. గంటలోపు ఎవరూ "సరే" నొక్కకపోతే, ఎవడో దొంగచాటుగా మార్చాడనుకుని, పాత సెట్టింగులు తనే తీసుకొచ్చి పెట్టేస్తుంది. ప్రోగ్రాం కొత్తలో మా ఆవిడ ఆ సదుపాయాన్ని పరీక్షించి చూసింది. పెట్టెలోకి వెళ్లాలంటే దానికి ఎవరిదో ఒక పేరూ పాస్‌వర్డూ కావాలి. దానికంటూ విడిగా పేరు తెప్పించాలంటే పైవాళ్లు వారం తిప్పుతారు. అందుకని తమ్ముడిని అడిగి వాడి పాస్‌వర్డు పెట్టేసింది, తర్వాత ఆ సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ఎవరైనా తమ పాస్‌వర్డు పక్కవాడికి ఇస్తే తోలు వలిచే మనిషి! కానీ తమ్ముడు పక్కవాడు కాదు కదా. ఒకే సైకిలు, ఒకే జామెట్రీ బాక్సు, ఒకే దుప్పటితో పెరిగినవాళ్లు. వాడిది తనది కాదని ఆవిడకి తట్టనే లేదు. పరీక్ష అయ్యాక ఆ సదుపాయం అన్ని అంతస్తుల్లోనూ తీసేసింది, మా అంతస్తులో మాత్రం మరిచిపోయింది.

అంటే, తమ్ముడు చెప్పలేదని అక్క నొక్కలేదు. అక్క నొక్కలేదని ప్రోగ్రాం తీసేసింది. తీసినప్పుడల్లా తమ్ముడి పేరు పడింది. పడినప్పుడల్లా అక్కకి కోపం పెరిగింది. మధ్యలో మెట్లెక్కింది నేను.

తూనీగ మొదట నవ్వు ఆపుకున్నాడు. తర్వాత ఆపుకోలేక కుర్చీలో కూలబడి పడీ పడీ నవ్వాడు. "దయ్యమా అన్నావు కదక్కా! అవును, దయ్యమే!" మా ఆవిడ మాత్రం నవ్వలేదు. రెండు చేతులతో తల పట్టుకుని, "నిన్ను అనుమానించాను రా" అంది. ఆ మాటతో వాడి నవ్వు ఆగిపోయింది.

"అక్కా, విను. రేపు ఈ పాస్‌వర్డు సంగతి ఎత్తకు. నేనే పొరపాటున చేశానంటాను. నాకు ఇంకోచోట పని దొరుకుతుంది. నువ్వు కాపలా పెట్టినదానివి, నీదే తప్పని తెలిస్తే ఇంకెవరూ నీ మాట వినరు."

"నోరు ముయ్" అంది మా ఆవిడ. ఆ రెండు మాటల్లో ఎంత ప్రేమ ఉందో నాకు వినబడింది. వాడికీ వినబడినట్టుంది, నోరు మూశాడు.

మర్నాడు పొద్దున్న మేడమ్ గదిలో మా ముగ్గురితోపాటు హెడ్డు కూడా ఉన్నాడు. మెషిన్ నా ల్యాబుది కాబట్టి నన్నూ పిలిచారు. మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "చెప్పండి, మీ తమ్ముడు ఎన్నిసార్లు మార్చాడు?" అంది.

"తీసింది మా తమ్ముడు కాదు మేడమ్. నేను పెట్టిన ప్రోగ్రాం. అందులో వాడి పాస్‌వర్డు వాడింది నేను. సరే నొక్కనిదీ నేనే."

"ఎందుకు నొక్కలేదు?"

ఇక్కడ మా ఆవిడ నోరు తిరగని పదం ఏదైనా చెప్పి ఉంటే అయిపోయేది. గదిలో ఎవరికీ అర్థమయ్యేది కాదు, అర్థం కాలేదని ఎవరూ ఒప్పుకునేవారూ కాదు. నేను లోపల్లోపల అదే కోరుకున్నాను.

"వాడు వచ్చి నాకు చెప్పలేదని" అంది.

"ఆ మార్పు సంగతి మీకు తెలియదా?"

"తెలుసు మేడమ్. అనుమతి ఉందనీ తెలుసు. వాడు రోజూ నా ఎదురుగానే కూర్చుని తింటాడు. ఏరా, మార్చింది నువ్వేనా అని నేనైనా అడగొచ్చు. అడగలేదు. ఎవరేం మార్చినా నాకు తెలియాలని ఇదంతా పెట్టాను. ఇంట్లో ఉన్నవాడితో మాత్రం మాట్లాడలేకపోయాను."

నాకు కళ్లు చెమర్చాయి, సిగ్గుపడకుండా తుడుచుకున్నాను. తూనీగ ఒక్క ఉదుటున లేచాడు. "పాస్‌వర్డు అడగ్గానే ఇచ్చింది నేను మేడమ్. అక్క బల్ల దాకా వెళ్లి ఒక్క ముక్క చెబితే సరిపోయేది, నేనూ వెళ్లలేదు. తప్పులో సగం నాది."

"కూర్చోరా, నీకు సగం ఎవరిచ్చారు?" అంది మా ఆవిడ.

"నువ్వు ఆగక్కా!"

మేడమ్ నా వైపు తిరిగింది. "ఇంట్లో కూడా ఇలాగేనా?"

"ఇది నయం మేడమ్" అన్నాను. మేడమ్ పెదవి బిగించి నవ్వు దాచుకుంది.

తీర్పు చిన్నదే. తూనీగ పర్మనెంట్ కాగితం ఆగదు. కాపలాకి సొంత పేరు, సొంత పాస్‌వర్డు ఆ రోజే ఇవ్వాలి. మా ఆవిడకి రాతపూర్వకంగా మందలింపు. ఇక నుంచి అలర్టులు ఆవిడకి కాదు, తూనీగకి వెళ్తాయి. ఎవరు మార్చినా వెళ్లి చెప్పాల్సింది వాడికే, మా ఆవిడతో సహా. ఆఖరి మాట వినగానే మా ఆవిడ మొహం చూడాలి. పుల్లటిది కొరికినట్టయింది.

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం, మా ఆవిడకి ఎక్స్‌రే గది పెట్టెలో సెట్టింగులు మార్చాల్సిన పని పడింది. నేను రక్తం ట్యూబుల పెట్టె పట్టుకుని అటుగా వెళ్తూ, చూడాలనిపించి ఆగాను. ఆవిడ మార్చింది. తూనీగ బల్ల మీద ఫోన్ మోగింది. వాడు చప్పుడు మార్చలేదు, అదే గిన్నె. ఆవిడ లేచి, కొంగు సర్దుకుని, వాడి బల్ల ముందుకెళ్లి నిలబడింది. విభాగంలో అందరూ పని మానేసి, పని చేస్తున్నట్టు నటించారు.

"ఎక్స్‌రే పెట్టె. రెండు లైన్లు మార్చాను. కొత్త కంప్యూటర్ కోసం" అంది గోడవైపు చూస్తూ.

వాడు నొక్కేస్తాడనుకున్నాను. వాడి సంగతి నాకు తెలుసు కదా, ఒక్కచోట కుదురుగా కూర్చోడు. కానీ వాడు కుర్చీ ముందుకి లాక్కుని, తెర మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం చదవడం మొదలుపెట్టాడు. చాలాసేపు చదివాడు. మా ఆవిడకి విసుగొచ్చింది.

"నొక్కరా."

"నొక్కనక్కా."

వాడు తెర ఆవిడ వైపు తిప్పాడు.

"రెండో లైను చూడు. ఇలా ఉంచితే పక్కగది ప్రింటర్ ఆగిపోతుంది."

మా ఆవిడ వంగి చూసింది. నిజమే. వాడు చెప్పింది అక్షరాలా నిజం. నేను ట్యూబుల పెట్టె గట్టిగా పట్టుకుని పిడుగు కోసం ఎదురుచూశాను. ఆవిడ తల ఎత్తింది. మొహమంతా నవ్వే.

"చదివావురా నువ్వు!" అంది. అని, విభాగమంతా చూస్తుండగా వాడి బుగ్గ పట్టుకుని గిల్లింది. "ఏవండీ, చూశారా? మా తమ్ముడు మొత్తం చదివాడు!"

"వదులక్కా, అందరూ చూస్తున్నారు" అన్నాడు తూనీగ. చెవులు ఎర్రబడ్డాయి.

ఆవిడ తన బల్ల దగ్గరికి వెళ్లి ఆ లైను సరిదిద్దింది. మళ్లీ లేచి, మళ్లీ వాడి ముందుకొచ్చి నిలబడి, ఈసారి వాడి కళ్లలోకి చూస్తూ ఏం మార్చిందో మొదటి నుంచీ చెప్పింది. వాడు మళ్లీ మొత్తం చదివాడు. అప్పుడు నొక్కాడు.